బెంగళూరులో ఉండేవాళ్లందరికీ బస్సు ఫ్రీ చేస్తే ట్రాఫిక్ తగ్గుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా: ఇల్లు కేఆర్ పురం, ఆఫీసు బెళ్లందూరు, రోజూ బండి మీదే తిరుగుతున్నారు. మీ ఆవిడ ఆధార్‌లో అనంతపురం అడ్రస్ ఉంది కాబట్టి బస్సులో ఆవిడకి జీరో టికెట్ (ఇక్కడ ఆడవాళ్లకిచ్చే ఫ్రీ టికెట్) ఇవ్వట్లేదు. ఆడా మగా, ఆంధ్రా కర్ణాటకా అని చూడకుండా ఈ ఊళ్లో ఉంటున్న వాళ్లందరికీ బస్సు ఫ్రీ చేసి పారేస్తే ఔటర్ రింగ్ రోడ్ మీద ఈ నరకం తగ్గిపోదా, యూరప్‌లో టాలిన్ అనే ఊళ్లో చేశారు కదా, మనకేం రోగం అని.

సూటిగా చెప్పేస్తా. ట్రాఫిక్ కోసమే అయితే దండగ, తగ్గదు. పేదవాళ్ల చేతిలో నెలకి నాలుగు డబ్బులు మిగలాలి, ఆడవాళ్లు ఎవర్నీ అడక్కుండా గడప దాటి పనికెళ్లాలి అంటే మాత్రం ఫ్రీ బస్సు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, నేను కళ్లారా చూశాను. జనం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసి వాదించుకుంటారు, అక్కడే తేడా కొడుతుంది.

నా సంగతి చెప్పాలి కదా, మాది మదనపల్లి, 2005లో బెంగళూరు వచ్చాను, అప్పట్నుంచీ బస్సు రూట్ల సర్వేలే నా పని. అంటే స్టాపులో అట్ట పట్టుకుని నిలబడి ఏ నంబర్ బస్సు ఎన్ని గంటలకొచ్చింది, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది ఎక్కలేక మిగిలిపోయారు రాసుకోవడం, తర్వాత టికెట్ మిషన్ లెక్కలతో పక్కన పెట్టి చూడడం. పెద్ద హోదా ఏం కాదు గానీ ఎండలో నిలబడి తెలుసుకున్న విషయాలు కొన్నున్నాయి.

ముందు మీ లెక్కే చూద్దాం. కేఆర్ పురం నుంచి బెళ్లందూరు రమారమి 12 కిలోమీటర్లు, రానూపోనూ 24, నెలకి 25 రోజులంటే 600 కిలోమీటర్లు. మీ బండి లీటరుకి 45 ఇస్తుందనుకుంటే 13 లీటర్ల పైచిలుకు, పెట్రోలు వంద దాటింది కాబట్టి దగ్గర దగ్గర 1,350 రూపాయలు. సర్వీసింగు, టైర్లు, ఇన్సూరెన్సు పక్కన పెట్టండి. ఆర్డినరీ బస్సు నెల పాసు 2025 జనవరిలో ఛార్జీలు పెరిగాక కూడా 1,200. అంటే ఇవాళ్టికే మీకు బస్సు చవక, అయినా మీరు బండే తీస్తున్నారు. ఎందుకో మీకూ తెలుసు. ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకి నడక, అక్కడ 500డీ నంబరు బస్సు కోసం ఎదురుచూపు, వచ్చింది ఫుల్లుగా ఉంటే ఇంకోదాని కోసం మళ్లీ ఎదురుచూపు, దిగాక ఆఫీసు గేటు దాకా ఇంకో నడక. బండితో పోలిస్తే ఒక్క వైపుకే 40 నిమిషాలు ఎక్కువ పట్టిందనుకోండి, రోజుకి 80 నిమిషాలు, నెలకి 33 గంటలు. ఆ 1,200 పాసు మీకు ఫ్రీగా ఇచ్చేసినా, గంటకి 36 రూపాయల చొప్పున ప్రభుత్వం మీ టైము కొనుక్కుంటున్నట్టు లెక్క. అమ్ముతారా? అమ్మరు. నేనైనా అమ్మను.

ఈ ఊళ్లో బళ్లు కోటి దాటిపోయాయి, అందులో మూడింట రెండొంతులు టూవీలర్లే. ట్రాఫిక్ తగ్గాలంటే వీళ్లని దింపాలి. వీళ్లని ఆపేది టికెట్ రేటు అయితే మీ ఐడియా కరెక్టే. కానీ ఆపేది స్టాపులో కాళ్లు లాగేదాకా నిలబడడం.

మరి ఫ్రీ చేస్తే బస్సుల్లోకి కొత్తగా వచ్చేదెవరు? ఎక్కువగా నడిచేవాళ్లు, అసలు ఇల్లు కదలని వాళ్లు, షేర్ ఆటోల వాళ్లు. మా అపార్ట్‌మెంట్‌లో వంట చేసే అక్క ఉంది, ముళబాగిలు దగ్గర తెలుగువాళ్లు, కర్ణాటక ఆధారే. ఉండేది కుందలహళ్లి వెనక సందుల్లో, మా ఇల్లు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర. కర్ణాటకలో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ చేసిన శక్తి పథకం రాకముందు పొద్దున ఆరింటికి ఆ మూడు కిలోమీటర్లూ నడిచొచ్చేది, సాయంత్రం ఒళ్లు హూనమైతేనే బస్సు. 2023 జూన్ 11న శక్తి మొదలైంది, ఆ నెలాఖరుకి ఆవిడ నడక మానేసింది, రెండు నెలల్లో ఇంకో ఇల్లు ఒప్పుకుంది, నెలకి 3,500 అదనం. ఒక మనిషి జీవితంలో ఇది చిన్న మార్పు కాదు, దీన్ని ఉచితాలు, సోమరిపోతులు అని వెక్కిరించే వాట్సాప్ మేధావుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కానీ రోడ్డు మీద ఒక్క బండైనా తగ్గిందా? లేదు. ఆవిడకి బండి ఎప్పుడుంది తగ్గడానికి.

ఆ అక్కే మొన్న ఆలస్యంగా వచ్చి ఏమందో తెలుసా, "ఫ్రీ అయితే ఏం లాభం అన్నా, మూడు బస్సులు నిండా వచ్చి ఆపకుండా పోయినాయి, నడిచొచ్చే కాలంలోనే టైముకి వచ్చేదాన్ని" అని. నేను ఇరవై ఏళ్లు సర్వే చేసి రిపోర్టుల్లో రాసేది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఇప్పుడు టాలిన్. అందరూ ఆ పేరు చెప్తారు గానీ అక్కడ అసలు కిటుకు చెప్పరు. ఎస్తోనియా రాజధాని, నాలుగు లక్షల పైచిలుకు జనం, 2012లో ఊళ్లో ఓటింగ్ పెట్టి 2013 జనవరి 1 నుంచి ఊరివాళ్లకి ఫ్రీ చేశారు. ఊరివాళ్లంటే ఆ మున్సిపాలిటీలో పేరు నమోదు చేసుకున్న వాళ్లు. అక్కడ మీరు ఏ మున్సిపాలిటీలో పేరు రాయించుకుంటే మీ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో వాటా ఆ మున్సిపాలిటీకే పోతుంది. టాలిన్‌లో ఉంటూ సొంతూరి అడ్రస్ మీదే కాలం గడిపేస్తున్న వాళ్లంతా (అచ్చం మనలాగే!) ఫ్రీ బస్సు కోసం పరిగెత్తి పేరు రాయించుకున్నారు, ఊరికి పన్ను డబ్బులొచ్చాయి, టికెట్ రాబడి పోయిన గుంత అలా పూడింది.

బెంగళూరులో ఇది చెల్లదు. మీరు రేపు ఇక్కడి అడ్రస్‌కి మారినా మీ జీతంలో కట్ అయ్యే ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి ఈ ఊరికి నేరుగా ఒక్క పైసా రాదు. ఇక్కడ ఇప్పుడు ఐదు కార్పొరేషన్లున్నాయి, వాటికొచ్చేది ప్రధానంగా ప్రాపర్టీ ట్యాక్స్, అది కట్టేది మీ ఓనరు. బస్సులేమో రాష్ట్ర ప్రభుత్వానివి. కాబట్టి ఫ్రీ అనే ప్రతి పథకానికీ డబ్బు చివరికి విధాన సౌధ నుంచే, అంటే రాష్ట్ర ప్రభుత్వం నుంచే రావాలి, అది బడ్జెట్‌లో రోడ్లతో, ఆస్పత్రులతో, పింఛన్లతో పోటీ పడి రావాలి.

పోనీ ట్రాఫిక్ సంగతి? టాలిన్‌లో ఏడాది తర్వాత చూస్తే బస్సు, ట్రామ్ వాడకం 14 శాతం దాకా పెరిగింది, కానీ ఎక్కువ దెబ్బ తగిలింది నడిచేవాళ్ల సంఖ్యకి. మా వంట అక్క కథే, యూరప్‌లో. లక్సెంబర్గ్ అయితే 2020 మార్చి 1 నుంచి దేశం మొత్తం ఫ్రీ చేసింది, రైల్లో ఫస్ట్ క్లాసు తప్ప, టూరిస్టులకి కూడా టికెట్ లేదు. అయినా యూరప్‌లో తలకి ఎక్కువ కార్లున్న దేశాల్లో అది ఇప్పటికీ ముందు వరసే. బెల్జియంలో హాసెల్ట్ అనే చిన్న ఊరు 1997లోనే ఫ్రీ చేసింది, జనం ఎన్నో రెట్లు పెరిగారు, కాకపోతే అదే సమయంలో బస్సులూ రూట్లూ కూడా బాగా పెంచారు, పెరిగిన జనంలో ఫ్రీ వాటా ఎంత, సర్వీసు వాటా ఎంత అని ఎవరు విడదీస్తారు. 2013లో ఖర్చు మోయలేక, అందరికీ ఫ్రీ అన్నది ఎత్తేయాలని నిర్ణయించారు.

ఫ్రాన్స్‌లో మోంపెలియే మాత్రం నాకు నచ్చుతుంది. 2023 డిసెంబర్ నుంచి ఆ ఊరివాళ్లకి ఫ్రీ. డబ్బెక్కడిది అంటే, ఫ్రాన్స్‌లో కంపెనీలు జీతాల మీద రవాణా కోసమని ప్రత్యేకంగా ఒక పన్ను కడతాయి, అది నేరుగా ఊరి ట్రాన్స్‌పోర్ట్‌కే పోతుంది. ఔటర్ రింగ్ రోడ్ మీదున్న కంపెనీలన్నీ ఉద్యోగుల కోసం సొంత క్యాబులు తిప్పి అదే రోడ్డు నింపుతున్నాయి కదా, ఆ డబ్బులో కొంత బస్సులకి మళ్లిస్తే ఎలా ఉంటుంది అని నేను చాలాసార్లు అనుకున్నా. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది ప్రొఫెషనల్ ట్యాక్సు, మీ పేస్లిప్‌లో నెలకి 200 కట్ అవుతుందే అది. కానీ అది రాష్ట్ర ఖజానాకి పోతుంది, పైగా రాజ్యాంగం 276వ అధికరణ దాన్ని మనిషికి ఏడాదికి 2,500 మించొద్దని గీత గీసింది. ఆ దారి అక్కడితో సరి.

సరే, ఇప్పుడు అసలు విషయం, ఎవరూ మాట్లాడనిది, నాకు మాత్రం ఎంత మాట్లాడినా తనివి తీరనిది. ఒక రూట్ తీస్కోండి. బస్సు ఆ చివరికెళ్లి తిరిగి రావడానికి గంటన్నర పడుతుంది, పది నిమిషాలకొక బస్సు కావాలి, ఎన్ని బస్సులుండాలి? 90ని 10తో భాగిస్తే 9. ఇప్పుడు అదే రూట్లో ట్రాఫిక్ పెరిగి రెండు గంటలు పట్టిందనుకోండి, అదే పది నిమిషాల సర్వీసుకి 12 బస్సులు కావాలి. అదనంగా మూడు బస్సులు, ముగ్గురు డ్రైవర్లు, ముగ్గురు కండక్టర్లు, అది కూడా ఒక్క షిఫ్టుకే. ప్రయాణికుడికి ఒరిగింది సున్నా, ముందు ఎంతసేపు నిలబడ్డాడో ఇప్పుడూ అంతే. ఆ మూడు బస్సులు కొనలేదనుకోండి, ఉన్న తొమ్మిదితోనే నడిపితే 13 నిమిషాలకొకటి వస్తుంది, వచ్చినప్పుడు రెండు అతుక్కుని వస్తాయి, ముందుదాంట్లో ఊపిరాడదు, వెనకది ఖాళీ, మీరు రోజూ చూసేదే.

దీన్నే తిరగేయండి. బస్సుకి ఒక లేన్ ఇచ్చి ఆ రెండు గంటల్ని గంటన్నరకి దించితే, ఉన్న 12 బస్సులతోనే ఏడున్నర నిమిషాలకొక బస్సు. కొత్త బస్సు ఒక్కటీ కొనలేదు. 2019లో సిల్క్ బోర్డ్ నుంచి కేఆర్ పురం దాకా స్తంభాలు పాతి బస్ లేన్ పెట్టారు, గుర్తుందా? ఆ రోజుల్లో నేను మారతహళ్లిలో నిలబడి లెక్క రాస్తుండగా ఒక 500డీ డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి "ఇవత్తు టీ కుడియోకె టైమ్ సిక్తు" అని నవ్వాడు, ఇవాళ టీ తాగడానికి టైము దొరికింది అని. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య అతనికి షెడ్యూల్‌లో ఇచ్చిన ఆ కాస్త విరామం ఎప్పుడూ ట్రాఫిక్కే మింగేసేది. తర్వాత అదే రోడ్డు మీద మెట్రో పనులొచ్చాయి, లేన్ పోయింది, అతని టీ కూడా పోయింది.

అందుకే నన్నడిగితే, మగవాళ్లకి కూడా ఫ్రీ చేయడానికి పెట్టే డబ్బుతో ముందు బస్సులు పెంచండి, వాటికి దారి ఇవ్వండి. ఎనిమిది నిమిషాలకొక బస్సు కచ్చితంగా వస్తుందని నమ్మకం కుదిరితే మీలాంటి వాళ్లు 1,200 కట్టి ఎక్కుతారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. రేటుకి అసలు పట్టింపే లేదని నేను అనట్లేదు. 2025 ఫిబ్రవరిలో మెట్రో ఛార్జీలు ఒక్కసారిగా పెంచారు, గరిష్ఠం 60 ఉన్నది 90 అయింది, ఆ వెంటనే జనం తగ్గారు. మా బావమరిది కూడా ఆ నెలలోనే మెట్రో మానేసి బండి దుమ్ము దులిపాడు. రేటు పెంచితే జనం బండెక్కుతారు, అది నిజం. తగ్గిస్తే అంత సులువుగా దిగరు, ఒకసారి బండి కొని ఈఎంఐ కడుతున్నవాడికి అది ఇంటి ముందు రెడీగా ఉంటుంది కదా. కాబట్టి రేట్లు పెంచకుండా ఆపడం మీద నేను గట్టిగా ఉంటాను, మెట్రో విషయంలో ఇంకా గట్టిగా.

ఫ్రీ అయినా టికెట్ కొట్టాల్సిందే. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. ఫ్రీ కదా, మళ్లీ ఆ జీరో టికెట్ కాగితం ఎందుకు, దండగ అంటారు. శక్తిలో కండక్టర్ కొట్టే ప్రతి జీరో టికెట్ మీదా అసలు ఛార్జీ లెక్క ఉంటుంది, ఆ లెక్క చూపించి బస్సు సంస్థలు ప్రభుత్వం నుంచి డబ్బు అడుగుతాయి. అదొక్కటే కాదు, ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కారు, ఏ టైముకి ఎక్కారు అన్నది మాకు తెలిసేది ఆ మిషన్ నుంచే. టికెట్ తీసేస్తే ఆ కళ్లు పోతాయి, రేపు ఏ రూట్లో బస్సు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో గుడ్డిగా చేయాల్సిందే.

కాకపోతే దానికి మూల్యం కూడా ఉంది. పొద్దున ఎనిమిదిన్నరకి టిన్ ఫ్యాక్టరీ స్టాపులో ఎక్కండి, చూస్తారు. ముందు డోరు నుంచి పాతిక మంది ఆడవాళ్లు ఎక్కుతారు. ఒకావిడ జాకెట్లోంచి చిన్న పర్సు, పర్సులోంచి లామినేషన్ ఊడిన ఆధార్ తీస్తుంది, ఇంకో అమ్మాయి ఫోన్లో గ్యాలరీ తెరిచి పెళ్లి ఫోటోలన్నీ తోసుకుంటూ ఆధార్ ఫోటో కోసం వెతుకుతుంటుంది, కండక్టర్ ఒక చేత్తో రాడ్ పట్టుకుని ఇంకో చేత్తో మిషన్ నొక్కుతూ "ఆధార్ తోర్సి, ఆధార్ తోర్సి" (ఆధార్ చూపించండి) అంటుంటాడు. వచ్చే స్టేజీలోపు అందరికీ టికెట్ అయిపోవాలి, లేకపోతే చెకింగ్‌లో ఆయనకే ఇబ్బంది, అందుకని డ్రైవర్‌కి సైగ చేస్తే బస్సు స్టాపు దాటి పక్కకి తీసి ఓ నిమిషం ఆపుతాడు. ఆ నిమిషం వెనకున్న ట్రాఫిక్‌కీ నిమిషమే. అందరికీ పూర్తిగా ఫ్రీ చేసి, ఎవరు ఎక్కడివాళ్లు అని చూడడం మానేస్తే ఈ నిమిషాలన్నీ మిగులుతాయి, అది మీ వాదనకి బలమైన పాయింటే, మీరు రాయలేదు గానీ నేనే ఇస్తున్నా. "రెసిడెంట్లకి మాత్రమే ఫ్రీ" అంటే మాత్రం ఈ తోర్సి తోర్సి మగవాళ్లకి కూడా మొదలవుతుంది. లెక్కకి డోరు దగ్గర తలలు లెక్కపెట్టే సెన్సర్లున్నాయి, కానీ మన పీక్ టైములో ఫుట్‌బోర్డు మీద ఆరుగురు వేలాడుతుంటే అది ఎవర్ని లెక్కపెడుతుందో దేవుడికే తెలియాలి.

చెన్నై గురించి కూడా ఒక్క ముక్క. అక్కడ 2021 మే నుంచే ఆడవాళ్లకి ఫ్రీ, కానీ ఆర్డినరీ వైట్ బోర్డు బస్సుల్లోనే. మా చెల్లెలు అంబత్తూరులో ఉంటుంది. డీలక్స్ వస్తే ఎక్కదు, వైట్ బోర్డు కోసం నిలబడుతుంది. "పది పదిహేను రూపాయలకి అరగంట నిలబడతావా" అంటే "రోజూ రానూపోనూ లెక్కేయి అన్నయ్యా, నెలకి గ్యాస్ బండ వస్తుంది" అంది. చూశారా, అదే అరగంట మీకొక రేటు, ఆమెకొక రేటు. ఫ్రీ ఎవరి కోసం పెట్టాలో ఇందులోనే ఉంది.

ఇక మీ ఆవిడ సంగతి. కండక్టర్‌తో వాదించి లాభం లేదు, రూల్ ప్రకారం కర్ణాటక అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి, లేకపోతే తప్పు ఆయన మీదకే పోతుంది. రెంట్ అగ్రిమెంట్ ఆవిడ పేరు మీద కూడా రాయించుకుంటే ఆధార్ అడ్రస్ మార్చుకోవడం పెద్ద పనేం కాదు, ఫీజు కూడా వంద లోపే. వోల్వో ఏసీ బస్సుల్లో, మెట్రోలో మాత్రం అప్పుడూ టికెట్ కొనాల్సిందే. మార్చేముందు ఒకటి చూస్కోండి. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఫ్రీ బస్సు, స్త్రీ శక్తి పథకం వచ్చింది, అది అక్కడి అడ్రస్ ఉన్నవాళ్లకే. అడ్రస్ ఇక్కడికి మారిస్తే సంక్రాంతికి అనంతపురం వెళ్లినప్పుడు ఆవిడ అక్కడి పల్లెవెలుగులో టికెట్ కొనాలి, ఊళ్లో రేషన్ కార్డు, ఇతర పథకాల్లో ఆవిడ పేరుంటే అవి కూడా ఒకసారి కనుక్కోండి. మా మరదలు ఇవన్నీ లెక్కేసుకుని ఆధార్ మార్చలేదు, మారతహళ్లి నుంచి రోజూ టికెట్ కొనుక్కునే వెళ్తుంది.